చూపు ఎక్కడి నుండి ఎక్కడికి?
ఇబ్నుల్ హైసమ్ కాంతి శాస్త్రం, దాని వారసత్వం

చూపు సారించాడు, చూపు మరల్చింది, చూపు నిలిపాడు అని తెలుగులో అంటూ ఉంటాం. పసిబిడ్డ పాలు త్రాగక ఏడిస్తే ఎవరి కన్నో పడిందని ఉప్పు తిప్పి దిష్టి తీస్తారు. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో దీనినే 'నజర్ లగ్ గయీ' అంటారు. ఈ మాటలన్నింటి వెనుకా ఒకే భావం ఉన్నది. చూపు అనేది కంటి నుండి వెలువడి, దూరంగా పోయి, వస్తువును తాకుతుందనే భావం. పామర జనమే కాదు, ప్రపంచంలోని గొప్ప గణిత పండితులు కూడా వేయి సంవత్సరాలకు పైగా ఇట్లే నమ్మారు. నమ్మడమే కాదు, దానిపై ఒక శాస్త్రాన్నే నిర్మించారు.

ఆ నమ్మకాన్ని పదకొండవ శతాబ్దంలో కైరో నగరంలో కూర్చుని ఒక విద్వాంసుడు తలక్రిందులు చేశాడు. ఆయన పేరు అబూ అలీ అల్ హసన్ ఇబ్నుల్ హైసమ్. ఐరోపా వారు ఆయనను అల్‌హజెన్ అని పిలిచారు. ఆయనను గురించి మన పత్రికలలో వచ్చే వ్యాసాలు సాధారణంగా రెండు విధాలుగా ఉంటాయి. కొందరు ఆధునిక శాస్త్రమంతా ఆయన గ్రంథంలోనే ఉన్నదని చెప్పి తృప్తి చెందుతారు. మరికొందరు అరబ్బులు గ్రీకు పుస్తకాలను భద్రపరచి ఐరోపాకు అప్పగించిన తపాలా బంట్రోతులని చెప్పి ముగిస్తారు. ఈ రెండు మాటలూ చరిత్ర ముందు నిలువవు. ఇబ్నుల్ హైసమ్ నిజంగా ఏమి చేశాడో, ఎక్కడ పొరబడ్డాడో, ఆ పొరపాట్లను ఎవరు దిద్దారో తెలుసుకొంటేనే ఆయన మనకు విడిచిపోయినది ఏమిటో తెలుస్తుంది.

గ్రీకుల వాదోపవాదాలు

చూపును గురించి గ్రీకు పండితులలో ఏకాభిప్రాయం ఉండేది కాదు. క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ దృష్టి శాస్త్రంపై ఒక గ్రంథం వ్రాశాడు. కంటి నుండి సరళరేఖలలో కిరణాలు వెలువడి, శంకువు ఆకారంలో వ్యాపించి, వస్తువును తాకినప్పుడు చూపు కలుగుతుందని ఆయన ప్రతిపాదన. క్రీ.శ. రెండవ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన టాలమీ కూడా ఈ మార్గాన్నే అనుసరించాడు. వైద్యుడైన గాలెన్ మెదడు నుండి ఒక సూక్ష్మమైన ప్రాణశక్తి నాడుల గుండా కంటికి దిగి, ముందున్న గాలిని చూపుకు సాధనంగా మార్చుతుందన్నాడు.

పరమాణువాదులు దీనికి భిన్నంగా, వస్తువుల నుండి పలుచని పొరల వంటి ప్రతిరూపాలు ఊడివచ్చి కంటిలో ప్రవేశిస్తాయన్నారు. అరిస్టాటిల్ ఈ ఇరువురినీ కాదని, పారదర్శకమైన యానకంలో కలిగే మార్పు మూలంగా రంగు కంటికి చేరుతుందన్నాడు.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. కంటి నుండి కిరణాలు వెలువడతాయన్న వారి దగ్గర గణితం ఉంది. దూరపు వస్తువు చిన్నదిగా ఎందుకు కనబడుతుందో, అద్దంలో బింబం ఎక్కడ కనబడుతుందో వారు రేఖలు గీసి లెక్క చూపగలిగారు. వస్తువు నుండి ఏదో కంటిలోకి వస్తుందన్న వారికి ప్రకృతి తత్త్వం ఉంది గాని లెక్క లేదు. వైద్యుల దగ్గర కంటి నిర్మాణ జ్ఞానం ఉంది గాని, దానిని మిగిలిన రెండింటితో కలిపే దారి లేదు. మూడు వర్గాలు, మూడు భాషలు. ఒకరి మాట ఒకరికి పట్టలేదు.

బాగ్దాద్ పండితులు

అబ్బాసీ ఖలీఫాల కాలంలో, ముఖ్యంగా మామూన్ పాలనలో (క్రీ.శ. 813–833), గ్రీకు శాస్త్ర గ్రంథాలు విరివిగా అరబ్బీలోకి వచ్చాయి. క్రైస్తవుడైన హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ గాలెన్ గ్రంథాలను అనువదించడమే గాక, నేత్ర వైద్యంపై పది ప్రకరణాల గ్రంథాన్ని స్వయంగా రచించాడు. తొమ్మిదవ శతాబ్దపు తత్త్వవేత్త అల్ కిందీ యూక్లిడ్‌ను పరిశీలించి, కంటి కిరణాల సిద్ధాంతాన్నే సమర్థించాడు. కాని ప్రకాశించే వస్తువులోని ప్రతి బిందువు నుండీ అన్ని దిక్కులకూ కిరణాలు వెలువడుతాయనే ముఖ్యమైన సూత్రానికి ఆయన రచనలే పునాది వేశాయి.

పదవ శతాబ్దం చివరలో బాగ్దాద్‌లో ఇబ్న్ సహల్ అనే గణితవేత్త ఉండేవాడు. సూర్యకాంతిని ఒకచోటికి చేర్చి నిప్పు పుట్టించే దర్పణాలను, కటకాలను గురించి క్రీ.శ. 984 ప్రాంతంలో ఆయన ఒక గ్రంథం వ్రాశాడు. కాంతి ఒక యానకం నుండి మరొక యానకంలోకి పోయేటప్పుడు వంగే తీరును ఆయన ఒక స్థిరమైన నిష్పత్తిగా రేఖాగణితంలో చూపాడు. హాలండు దేశస్థుడు స్నెల్ 1621లో కనుగొన్నాడని, ఫ్రెంచి పండితుడు డెకార్ట్ 1637లో ప్రకటించాడని పాఠ్యపుస్తకాలు చెప్పే వక్రీభవన సూత్రానికి ఇది సమానమైనది. ఈ సంగతిని చరిత్రకారుడు రుష్దీ రాషిద్ వ్రాతప్రతులను పరిశీలించి 1990లో వెల్లడించాడు. అంతవరకు ఈ కృషి ప్రపంచానికి తెలియదు. ఇది గర్వించదగిన విషయమే. అయితే తోటివారు చదివి, వాడుకొని, ముందుకు తీసుకుపోకపోతే ఎంత గొప్ప ఆవిష్కరణ అయినా వెయ్యి సంవత్సరాలు బీరువాలో నిద్రపోతుందని కూడా ఇది మనకు తెలుపుతున్నది.

బస్రా నుండి కైరోకు

ఇబ్నుల్ హైసమ్ హిజ్రీ 354 ప్రాంతంలో, అనగా క్రీ.శ. 965లో, ఇరాఖ్‌లోని బస్రాలో జన్మించాడు. ఈజిప్టు చేరిన తరువాత ఆయన జీవితం కైరోలోనే గడిచింది. క్రీ.శ. 1040 ప్రాంతంలో అక్కడే మరణించాడు.

ఆయన కైరోకు రావడాన్ని గురించి పదమూడవ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్నుల్ ఖిఫ్తీ ఒక కథ చెప్పాడు. నైలు నది వరదలను అదుపు చేయవచ్చునని ఇబ్నుల్ హైసమ్ అన్న మాట ఫాతిమీ ఖలీఫా అల్ హాకిమ్ చెవినబడింది. ఖలీఫా ఆయనను పిలిపించి, పనివారిని ఇచ్చి ఎగువకు పంపాడు. దారి పొడవునా ప్రాచీన ఈజిప్షియన్ల కట్టడాలను చూచి ఇబ్నుల్ హైసమ్ ఆలోచనలో పడ్డాడు. ఇంత నేర్పు గలవారే ఈ పని చేయలేదంటే ఇది సాధ్యం కానిదే అయి ఉండాలని గ్రహించాడు. అస్వాన్ దగ్గర నది తీరు చూచిన తరువాత ఆ సంశయం స్థిరపడింది. తిరిగివచ్చి ఓటమి ఒప్పుకొన్నాడు. ఖలీఫా ఒక ఉద్యోగం ఇచ్చాడు గాని, ఆయన ఆగ్రహం ఎప్పుడు ఎవరి మీద విరుచుకు పడుతుందో తెలియని కాలమది. ఇబ్నుల్ హైసమ్ పిచ్చివానిగా నటించి, ఇంట నిర్బంధంలో ఉండిపోయాడు. 1021లో అల్ హాకిమ్ మరణించిన తరువాతనే బయటకు వచ్చి, అల్ అజ్‌హర్ మసీదు సమీపంలో నివసిస్తూ, యూక్లిడ్, టాలమీల గ్రంథాలకు నకళ్లు వ్రాసి అమ్ముకొని జీవించాడు.

ఈ కథ సంఘటన జరిగిన రెండు వందల సంవత్సరాల తరువాత వ్రాసినది. కనుక దీనిలోని ప్రతి వివరాన్నీ అక్షర సత్యంగా తీసుకోనక్కరలేదు. 1970లో పూర్తయిన అస్వాన్ ఆనకట్టను ఇబ్నుల్ హైసమ్ ముందే ఊహించాడని వ్రాసేవారు కూడా ఉన్నారు. అది అతిశయోక్తి. ఈ కథలో మెచ్చుకోదగినది మరొకటి ఉన్నది. పోయి చూచి, తన మాట తప్పని తేలినప్పుడు, ప్రాణానికి ప్రమాదమున్నా లెక్కకు విరుద్ధంగా పనికి దిగలేదు.

కితాబుల్ మనాజిర్

ఆయన రచనలని 90కి పైగా గ్రంథాల పేర్లు ప్రాచీన జాబితాలలో కనిపిస్తాయి. గణితం, ఖగోళం, కాంతి వాటిలో ముఖ్యమైన విషయాలు. అన్నింటిలోకి పెద్దది 'కితాబుల్ మనాజిర్', అనగా దృష్టి శాస్త్ర గ్రంథం. ఇది ఏడు భాగాలు. మొదటి మూడు భాగాలలో సూటిగా చూచే చూపు, కన్ను నిర్మాణం, చూపులో కలిగే భ్రాంతులు వివరించాడు. తరువాతి మూడింటిలో దర్పణాల మీద పరావర్తనం, ఏడవ దానిలో వక్రీభవనం ఉన్నాయి.

మొదటి భాగంలోనే ఆయన అందరికీ అనుభవంలో ఉన్న విషయాలతో ప్రారంభించాడు. సూర్యుని వంక చూస్తే కళ్లు నొప్పి పుడతాయి. ప్రకాశవంతమైన వస్తువును కొంతసేపు చూచి చీకటి స్థలానికి దృష్టి మరల్చితే ఆ వెలుగు ఆకారం కంటిలో ఇంకా నిలిచి ఉన్నట్లు తోస్తుంది. అంటే కాంతి కంటి మీద పనిచేస్తున్నది. కన్ను చేసేది కాదు, కంటికి జరిగేది. ఇక కంటి కిరణాల వారిని ఆయన అడిగిన ప్రశ్న సూటిగా ఉన్నది. మీ కిరణం పోయి వస్తువును తాకిందనే అనుకొందాం. ఆ సంగతి కంటికి తెలియాలంటే వస్తువు నుండి ఏదో ఒకటి కంటికి తిరిగి రావలసినదే గదా! వచ్చేదే చాలినప్పుడు పోయేదానితో పని ఏమిటి?

అయితే ఆయన గణితజ్ఞులను తోసివేయలేదు. వారు గీసిన రేఖలు సరియైనవే, వాటి దిక్కు మాత్రమే తప్పు అన్నాడు. కంటి నుండి బయలుదేరే కిరణాల శంకువును, కంటికి వచ్చి చేరే కాంతి శంకువుగా మార్చాడు. దానితో యూక్లిడ్ రేఖాగణితం, అరిస్టాటిల్ ప్రకృతి తత్త్వం, గాలెన్ శరీర శాస్త్రం ఒక్కచోటికి వచ్చాయి. ఇబ్నుల్ హైసమ్ సాధించిన అసలు విజయం ఇదే.

దీపాల ప్రయోగం

వస్తువులోని ప్రతి బిందువు నుండీ అన్ని దిక్కులకూ కాంతి పోతే ఒక పెద్ద సందేహం వస్తుంది. వేలకొలది బిందువుల నుండి వచ్చిన కాంతులు గాలిలో ఒకదానితో ఒకటి కలిసిపోయి గందరగోళం కావా? దీనికి ఆయన సమాధానం వాదనతో ఇవ్వలేదు, ప్రయోగంతో ఇచ్చాడు.

ఒక గదికి ఎదురుగా, కొద్దికొద్ది దూరంలో అనేక దీపాలను ఉంచాలి. గది లోపల చీకటిగా ఉండాలి. దీపాల కాంతి ఒక సన్నని ద్వారం గుండానే లోపలి గోడ మీద పడాలి. అప్పుడు గోడ మీద ఎన్ని దీపాలో అన్ని వెలుగు మచ్చలు విడివిడిగా కనిపిస్తాయి. ఒక్కొక్క మచ్చ తన దీపానికీ, రంధ్రానికీ సరళరేఖలో ఉంటుంది. ఒక దీపాన్ని మూస్తే దాని మచ్చ ఒక్కటే మాయమవుతుంది. మూత తీస్తే మరల అక్కడే వస్తుంది. కాంతులన్నీ ఆ ఇరుకు ద్వారంలో ఒకే చోట కలుసుకొంటున్నవి, అయినా కలిసిపోవడం లేదు.

ఈ ప్రయోగాన్ని పట్టుకొని ఆయనే కెమెరాను కనిపెట్టాడని వ్రాయడం సరికాదు. చిన్న రంధ్రం గుండా బింబం ఏర్పడే సంగతి క్రీ.పూ. నాల్గవ శతాబ్దంలోనే చైనాలో మోజీ అనుచరులు గుర్తించారు. ఇబ్నుల్ హైసమ్ విశేషం ఆ రంధ్రాన్ని పరీక్షా సాధనంగా వాడటంలో ఉన్నది. గ్రహణ సమయంలో సూర్యుడు నెలవంక ఆకారంలో గోడ మీద పడటాన్ని గురించి ఆయన ప్రత్యేకంగా ఒక గ్రంథమే వ్రాశాడు. రంధ్రం మరీ పెద్దదైతే ఆ నెలవంక ఎందుకు చెదరిపోతుందో అందులో లెక్కకట్టి చూపాడు. ఇటువంటి పరీక్షకు ఆయన వాడిన మాట 'ఇతిబార్'. ఒక సంగతిని పరిస్థితులు మార్చి మార్చి చూచి నిర్ధారించుకొనడమని దాని భావం. ఈ పద్ధతి ప్రకారమే సమతల దర్పణం, లోపలి వైపునా బయటి వైపునా మెరుగుపెట్టిన గోళ, స్తూప, శంకు దర్పణాలు, మొత్తం ఏడు రకాల దర్పణాలను పరీక్షించాడు. గోళాకార దర్పణం మీద, ఒక చోట ఉన్న వస్తువు మరొక చోట ఉన్న కంటికి ఏ బిందువు వద్ద పరావర్తనం చెంది కనబడుతుందో కనుగొనే కఠినమైన సమస్యను శాంకవాల సహాయంతో సాధించాడు. ఐరోపా గణితశాస్త్రంలో అది నేటికీ అల్‌హజెన్ సమస్య అనే పేరుతోనే ఉన్నది.

చూపు కంటితో ముగిసిపోదని, మనస్సు చేసే పోలిక, జ్ఞాపకం, నిర్ణయం అందులో కలిసి ఉంటాయని కూడా ఆయన చెప్పాడు. ఉదయించే చంద్రుడు నడినెత్తిన ఉన్న చంద్రుని కంటె పెద్దగా కనబడటానికి కారణం ఈ నిర్ణయమేనన్నాడు. క్షితిజం వద్ద మధ్యనున్న చెట్లు, ఇండ్లు చూచి మనం చంద్రుడు ఎక్కువ దూరంలో ఉన్నాడని తలుస్తాం, కనుక పెద్దవాడని భావిస్తాం. ఈ చర్చ మనస్తత్వ శాస్త్రంలో ఇప్పటికీ సాగుతూనే ఉన్నది.

ఆయన పొరబడిన చోట్లు

మహానుభావుల తప్పులు ఎత్తిచూపడం అమర్యాద అని కొందరు భావిస్తారు. ఇబ్నుల్ హైసమ్ స్వయంగా అట్లా భావించలేదు. టాలమీపై సందేహాలను గురించి ఆయన ఒక గ్రంథం వ్రాశాడు. టాలమీని ఆయన ఎంతో గౌరవించాడు. అయినా సత్యాన్వేషి ప్రాచీనుల మాటను సద్భావంతో నమ్మి ఊరుకోరాదని, తాను చదివే ప్రతి గ్రంథానికీ ప్రతివాదిగా నిలబడి అన్ని వైపులనుండీ పరీక్షించాలని అందులో హెచ్చరించాడు. ఇంకా ఒక మెట్టు ముందుకు పోయి, అట్లా విమర్శించేటప్పుడు తన మీద కూడా తనకు అనుమానం ఉండాలన్నాడు. కాబట్టి ఆయనను ఆయన కొలతతోనే కొలవడం అమర్యాద కాదు, శిష్యధర్మం.

వస్తువులోని ప్రతి బిందువు నుండి కంటిలోని ప్రతి బిందువుకూ కాంతి వచ్చి పడుతుంది గదా, మరి స్పష్టమైన చూపు ఎట్లా కలుగుతుంది? ఇందుకు ఆయన, కంటి తలానికి లంబంగా పడే కిరణం ఒక్కటే బలంగా పనిచేస్తుందని, వాలుగా పడేవి వంగి బలహీనమై లెక్కకు రావని సమాధానం చెప్పాడు. తెలివైన పరిష్కారమే గాని నిజం అది కాదు. చూపును గ్రహించే స్థానం కంటిలోని స్ఫటికం వంటి కటకమే అని గాలెన్ చెప్పినదాన్ని ఆయన అంగీకరించాడు. అదీ నిజం కాదు. వాలు కిరణాలను కూడా కటకం ఒకచోటికి చేర్చి వెనుకనున్న రెటీనా మీద తలక్రిందుల బింబాన్ని ఏర్పరుస్తుందని 1604లో జర్మన్ శాస్త్రవేత్త కెప్లర్ నిరూపించాడు.

వక్రీభవనంలో ఆయన అనేక ప్రయోగాలు చేసినా, ఇబ్న్ సహల్ చూపిన నిష్పత్తి 'మనాజిర్'లో కనిపించదు. ఇంద్రధనుస్సును మేఘమనే పుటాకార దర్పణం మీది పరావర్తనంగా భావించాడు. అదీ తప్పే.

మరొక వైపు ఆయన ఊహలలో కొన్ని ఆశ్చర్యకరంగా నిలబడ్డాయి. కాంతి ప్రసారానికి కొంత కాలం పడుతుందని, సాంద్రత గల యానకంలో దాని వేగం తగ్గుతుందని ఆయన చెప్పాడు. ఆ తరువాత ఆరు వందల సంవత్సరాలకు డెకార్ట్, న్యూటన్ వంటివారు సాంద్రత గల యానకంలో కాంతి సులభంగా, వేగంగా పోతుందని భావించారు. 1676లో రోమర్ గురుగ్రహపు ఉపగ్రహాన్ని పరిశీలించి కాంతికి వేగమున్నదని తేల్చాడు. 1850లో ఫూకో నీటిలో కాంతి వేగం గాలిలో కంటె తక్కువని కొలిచి చూపాడు. ఇబ్నుల్ హైసమ్ మాట నిజమైంది. కాని ఆయన దానిని కొలవలేదు, హేతువుతో ఊహించాడు. ఊహకూ కొలతకూ ఉన్న భేదాన్ని మరచిపోరాదు.

పేరు నిలిచింది, గ్రంథం మరుగుపడింది

ఇక్కడ చరిత్ర మనకు ఒక చేదు సత్యం చెబుతున్నది. 'మనాజిర్' వెలువడిన తరువాత రెండు శతాబ్దాల పాటు తూర్పు ముస్లిం దేశాలలో దానిని లోతుగా చదివినవారి జాడ కనబడదు. పదమూడవ శతాబ్దపు మహా గణితవేత్త నసీరుద్దీన్ తూసీ యూక్లిడ్ దృష్టి శాస్త్రాన్ని పరిష్కరించినప్పుడు కంటి కిరణాల పాత పద్ధతినే అనుసరించాడు. ఇబ్నుల్ హైసమ్ దానిని ఖండించి అప్పటికి రెండు వందల సంవత్సరాలు దాటింది.

ఆ గ్రంథం సజీవంగా మిగలడానికి ఒక గురుశిష్యుల జంట కారణం. తూసీ శిష్యుడైన ఖుత్బుద్దీన్ షీరాజీ (1236–1311) వద్ద కమాలుద్దీన్ ఫారిసీ చదువుకొనేవాడు. వక్రీభవనాన్ని గురించి పెద్దలు వ్రాసినవి చదివి సంతృప్తి చెందక ఫారిసీ గురువును అడిగాడు. యౌవనంలో ఎక్కడో చూచిన ఇబ్నుల్ హైసమ్ గ్రంథం గురువుకు గుర్తుకు వచ్చింది. దూరదేశం నుండి ప్రతిని తెప్పించి శిష్యుని చేతిలో పెట్టాడు. ఫారిసీ దానికి 'తన్‌ఖీహుల్ మనాజిర్' అనే విస్తృతమైన వ్యాఖ్యానం వ్రాశాడు. 'తన్‌ఖీహ్' అంటే పరిష్కరించుట, ఏరి శుభ్రపరచుట. పేరులోనే ఆయన ఉద్దేశం ఉన్నది. కేవలం ప్రశంస కాదు, దిద్దుబాటు.

ఆ దిద్దుబాటులో అత్యుత్తమమైనది ఇంద్రధనుస్సుకు సంబంధించినది. గాజు గోళంలో నీరు నింపి, దానిని ఒక పెద్ద వాన చినుకుగా భావించి, చీకటి గదిలో సూర్యకిరణాన్ని దాని మీద పడనిచ్చాడు ఫారిసీ. కిరణం గోళంలో ప్రవేశించేటప్పుడు ఒకసారి వంగుతుంది, లోపలి గోడ మీద ఒకసారి పరావర్తనం చెందుతుంది, బయటకు వచ్చేటప్పుడు మరల వంగుతుంది. దానివల్ల ప్రధాన ధనుస్సు ఏర్పడుతుంది. లోపల రెండుసార్లు పరావర్తనం చెందినప్పుడు, రంగులు తారుమారైన రెండవ ధనుస్సు ఏర్పడుతుంది. ఇబ్నుల్ హైసమ్ గ్రంథం, ఇబ్నుల్ హైసమ్ చీకటి గది, ఇబ్నుల్ హైసమ్ పరీక్షా పద్ధతి! వాటితోనే ఇబ్నుల్ హైసమ్ తప్పు దిద్దబడింది. ఇంతకంటె గొప్ప గురుదక్షిణ ఏముంటుంది? ఇంచుమించు ఆ కాలంలోనే జర్మనీలో ఫ్రైబర్గ్‌కు చెందిన థియొడొరిక్ అనే మతాచార్యుడు ఫారిసీని ఎరుగకుండానే ఇదే నిర్ణయానికి వచ్చాడు. ఆయన కూడా లాటిన్‌లోని 'మనాజిర్' సంప్రదాయంలో చదువుకొన్నవాడే.

ఐరోపాలో

1200 ప్రాంతంలో 'మనాజిర్' లాటిన్ భాషలోకి వచ్చింది. అయితే ఆ అనువాదంలో మొదటి భాగపు మొదటి మూడు అధ్యాయాలు లోపించాయి. గ్రంథకర్త తన పద్ధతిని వివరించిన పీఠిక అందులోనే ఉన్నది. అయినా రోజర్ బేకన్, జాన్ పెకమ్, విటెలో వంటి పండితులు దానిని శ్రద్ధగా చదివారు. 1572లో రిస్నర్ అనే సంపాదకుడు బేసెల్ నగరంలో దానిని విటెలో గ్రంథంతో కలిపి ముద్రించాడు. ఇబ్నుల్ హైసమ్ పేరుతోనే సంధ్యాకాంతిపై మరొక చిన్న గ్రంథాన్ని కూడా అందులో చేర్చాడు. దానిని బట్టి వాతావరణపు ఎత్తును లెక్కించినవాడు ఇబ్నుల్ హైసమ్ అని చాలామంది వ్రాశారు, ఇంకా వ్రాస్తున్నారు. ఆ గ్రంథకర్త అందలూసియాకు చెందిన ఇబ్న్ ముఆజ్ అని ఈజిప్టు చరిత్రకారుడు అబ్దుల్ హమీద్ సబ్రా 1967లో నిరూపించాడు. ఒకరి కీర్తిని తెచ్చి మరొకరి తలమీద పెట్టడం ఇద్దరికీ అన్యాయమే.

కెప్లర్ తన 1604 నాటి గ్రంథానికి విటెలో గ్రంథానికి అనుబంధమని అర్థం వచ్చే పేరు పెట్టాడు. అనగా ఇబ్నుల్ హైసమ్ లేవనెత్తిన సమస్యను, ఆయన గీసిన రేఖల మీదనే నిలబడి కెప్లర్ పరిష్కరించాడు.

కిరణం నుండి తరంగానికి

అక్కడి నుండి కథ మరొక మలుపు తిరిగింది. అంతవరకు కాంతి ఎట్లా ప్రయాణిస్తుందనేది ప్రశ్న. ఇక మీదట కాంతి అంటే ఏమిటనేది ప్రశ్న అయినది. 1690లో హైగెన్స్ అది తరంగమన్నాడు. 1704లో న్యూటన్ కణాల వైపు మొగ్గాడు. 1801లో థామస్ యంగ్, రెండు కాంతులు కలిసినచోట వెలుగూ చీకటీ చారలు చారలుగా ఏర్పడతాయని వివరించి తరంగ వాదాన్ని నిలబెట్టాడు. 1800లో హెర్షెల్ ఎరుపుకు అవతల, మరుసటి సంవత్సరం రిట్టర్ ఊదాకు అవతల కంటికి కనబడని కిరణాలను కనుగొన్నారు. 1865లో మాక్స్‌వెల్ కాంతి విద్యుదయస్కాంత తరంగమని గణితంతో చెప్పగా, 1887–88లో హెర్ట్స్ అటువంటి తరంగాలను ప్రయోగశాలలో పుట్టించి చూపాడు. 1895లో రాంట్జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. 1900లో ప్లాంక్, 1905లో ఐన్‌స్టీన్ కాంతి శక్తి మూటలు మూటలుగా వస్తుందని చూపారు. 1928లో కలకత్తాలో మన సి.వి. రామన్ ద్రవాలలో చెదరిన కాంతి రంగు మారుతుందని కనుగొని, 1930లో నోబెల్ బహుమతి పొందాడు.

ఇవేవీ 'మనాజిర్'లో లేవు. తరంగమన్న భావన అందులో లేదు. వక్రీభవనాన్ని ఆయన పలక మీదికి విసిరిన ఇనుప గుండుతో పోల్చి వివరించాడు. అంతమాత్రాన కణవాదం ఆయనదే అని చెప్పుకోవడమూ అన్యాయమే. కాని పైన చెప్పిన వరుసను పాఠకులు మరొకసారి చూడండి. ప్రతి ఒక్కరూ ముందువారిని చదివారు, గౌరవించారు, పరీక్షించారు, దిద్దారు. ఫారిసీ ఇబ్నుల్ హైసమ్‌కు చేసినదే యంగ్ న్యూటన్‌కు చేశాడు. ఈ గొలుసులో ఇబ్నుల్ హైసమ్ స్థానం నిజమైనది. దానికి అబద్ధపు నగలు తొడగవలసిన అవసరం లేదు.

హైదరాబాదు పాత్ర

ఈ గొలుసులో మన ప్రాంతానికి కూడా ఒక గౌరవనీయమైన లంకె ఉన్నదని తెలుగు పాఠకులలో చాలామందికి తెలియదు. 1888లో హైదరాబాదులో ఇమాదుల్ ముల్క్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్ వంటి పెద్దల పూనికతో దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ ఏర్పడింది. అరుదైన అరబ్బీ వ్రాతప్రతులను సేకరించి, పరిష్కరించి ముద్రించడం దాని లక్ష్యం. తరువాత అది ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధమైనది. ఫారిసీ వ్రాసిన 'తన్‌ఖీహుల్ మనాజిర్'ను రెండు సంపుటాలుగా 1928–30లలో ప్రపంచానికి ముద్రించి ఇచ్చినది ఈ సంస్థయే. ఇబ్నుల్ హైసమ్ చిన్న గ్రంథాల సంకలనాన్ని కూడా హిజ్రీ 1357లో (క్రీ.శ. 1938) ప్రచురించింది.

దీని విలువను గ్రహించాలంటే ఒక్క సంగతి చాలు. కితాబుల్ మనాజిర్ అరబ్బీ మూలంలోని మొదటి మూడు భాగాలు సబ్రా పరిష్కరణలో కువైట్‌లో అచ్చయినది 1983లో. ఆయన ఆంగ్లానువాదం లండన్‌లో వెలువడినది 1989లో. అంతకు అరవై సంవత్సరాల ముందే, ఆ గ్రంథపు సారాన్ని ఫారిసీ వ్యాఖ్యానంతో సహా అచ్చులో చదువగోరిన పండితుడు, అతడు కైరోలో ఉన్నా బెర్లిన్‌లో ఉన్నా, హైదరాబాదు ముద్రణనే చేత పట్టుకోవలసి వచ్చింది. 2015ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ కాంతి సంవత్సరంగా ప్రకటించినప్పుడు 'మనాజిర్' సహస్రాబ్ది సందర్భాన్ని కూడా ప్రపంచం స్మరించుకొన్నది. ఆ స్మరణ వెనుక మన నగరంలోని అచ్చు కూర్పరుల శ్రమ కూడా కొంత ఉన్నది.

అయితే తపాలా బిళ్లలు, ఉత్సవాలు, బిరుదులు ఇబ్నుల్ హైసమ్‌కు ఋణం తీర్చుకొనే మార్గాలు కావు. ఆయన పేరును మరచినందున కాదు, ఆయన గ్రంథాన్ని పరీక్షిస్తూ చదవడం మానినందున ఒకప్పుడు ఆయన విద్య తన దేశాలలోనే మరుగుపడింది. ఒక శిష్యుడు సందేహించి అడిగినందున, ఒక గురువు ప్రతిని తెప్పించి ఇచ్చినందున అది మరల వెలుగులోకి వచ్చింది. మన పాఠశాలలలో, మదరసాలలో ఉపాధ్యాయులు కొన్ని దీపాలు, చిన్న రంధ్రం చేసిన ఒక అట్ట తీసుకొని, చీకటి గదిలో ఒక తెల్లని గోడ ఎదుట పిల్లలను కూర్చోబెట్టవచ్చును. ఒక దీపాన్ని మూయబోయే ముందు ఏ మచ్చ మాయమవుతుందో పిల్లలనే చెప్పమనవచ్చును. వారి జవాబు తప్పినా మంచిదే. తప్పును గోడ చూపుతుంది. ఎవరి మాటనో నమ్మి కాక తన కంటితో చూచి ఒప్పుకొన్న పిల్లవాడు, ఆ ఒక్క నిముషం పాటైనా, ఇబ్నుల్ హైసమ్‌కు నిజమైన వారసుడు.